ఎంట్రీ మెషిన్ దగ్గర పడుతోందా, టీ కొట్టు దగ్గర పడుతోందా?

ఫీల్డులో తిరిగే టెక్నీషియన్లకి ఏ ఫోన్ ఇవ్వాలి, ఏ యాప్ పెట్టాలి అనగానే ఆఫీసులో చర్చంతా ర్యామ్ చుట్టూ, కెమెరా చుట్టూ, పండగ ఆఫర్ల చుట్టూ తిరుగుతుంది. నలుగురు కూర్చుని రెండు మోడల్స్ పక్కపక్కన పెట్టి చూసి ఒకటి ఖాయం చేస్తారు. ఆరు నెలలు పోయాక చూస్తే ఫోన్లు బాగానే ఉంటాయి, యాప్ నడుస్తూనే ఉంటుంది, సర్వీస్ రిపోర్టులు కూడా రోజూ వస్తూనే ఉంటాయి. కాకపోతే ఆ రిపోర్టుల్లో చాలా వరకు సాయంత్రం పనంతా అయ్యాక, టీ కొట్టు ముందు బండి ఆపుకుని గుర్తున్నంత మేరకి నింపినవి. పైవాళ్ళకి స్క్రీన్ మీద అన్నీ పచ్చరంగులోనే కనిపిస్తాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

అందుకే మోడల్ సంగతి తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మనిషి మెషిన్ ముందు నిలబడి, ఉన్న చేతులతో, ఉన్న ఎండలో, ఉన్న సిగ్నల్‌తో ఎంట్రీ చేయగలడా లేదా. బ్యాటరీ, స్క్రీన్, భాష, ఫారంలో ఎన్ని గళ్లున్నాయి, అన్నీ ఈ ప్రశ్న కిందకే వస్తాయి.

ఇది ఎంత ముఖ్యమో గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు చూస్తే తెలుస్తుంది. మిర్చి యార్డుకి కొత్త సరుకు సంక్రాంతి దాటాక పుంజుకుని మార్చి, ఏప్రిల్ నెలల్లో ముంచెత్తుతుంది. అమ్ముడుపోనిదీ, మంచి ధర కోసం ఆపుకున్నదీ కోల్డ్ స్టోరేజీకి చేరుతుంది. అంటే లోపల మిర్చి టిక్కీలు (బస్తాలు) నిండటం, బయట ఎండలు ముదరడం ఒకే సమయంలో జరుగుతాయి, అమ్మోనియా కంప్రెసర్లకి ఊపిరాడని రోజులవి. ఆపరేటర్ గంటగంటకీ సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్ లోపలికి పీల్చే గ్యాస్ ఒత్తిడి), డిశ్చార్జ్ ప్రెషర్ (బయటికి తోసే గ్యాస్ ఒత్తిడి), ఆయిల్ లెవెల్, చాంబర్ టెంపరేచర్ రాయాలి. ఆ అంకెల విలువంతా ఈ గంటకీ పోయిన గంటకీ మధ్య వచ్చిన తేడాలో ఉంది. డిశ్చార్జ్ ప్రెషర్ కొంచెం కొంచెంగా పైకి పాకుతోందంటే కండెన్సర్ ట్యూబులకి ఉప్పు పట్టిందనో, సిస్టమ్‌లోకి గాలి చేరిందనో ముందే పసిగట్టవచ్చు. అదే షిఫ్టు చివర ఎనిమిది గళ్లూ ఒక్క ఊపులో నింపేస్తే అంకెలన్నీ ఒకే వరసలో చక్కగా కూర్చుంటాయి, కంప్రెసర్ ట్రిప్ అయ్యే నిమిషం దాకా రికార్డులో లోపమే కనపడదు. కాగితం రిజిస్టర్ రోజుల్లోనూ ఇదే జరిగేది, కాదనలేం. కానీ ఫోన్లు ఇచ్చాక కూడా ఇదే జరిగితే ఖర్చు దండగ కావడమే కాదు, కంప్యూటర్లో ఉంది కదా అని పైవాళ్ళు ఆ తప్పుడు అంకెల్ని ఇంకా గట్టిగా నమ్ముతారు.

ఇక ఎండ. ఫోన్ కంపెనీలు చాలా వరకు తమ ఫోన్లని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని చెబుతాయి. బెజవాడలో మే నెలలో నీడలోనే 42, 43 అంటే ఎవరూ ఆశ్చర్యపోరు, బండి హ్యాండిల్‌కి బిగించిన హోల్డర్లో ఎండకి మాడే ఫోన్ సంగతి చెప్పనక్కర్లేదు. అంత వేడెక్కిన ఫోన్ తన ప్రాణం కాపాడుకోవడానికి స్క్రీన్ వెలుతురు తగ్గించేస్తుంది, ఛార్జింగ్ ఆపేస్తుంది, కొన్నిసార్లు ఫ్లాష్ కూడా వెలగనివ్వదు. టెర్రస్ మీద ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ముందు కూర్చున్న మనిషికి సరిగ్గా ఈ మూడూ కావాలి. లిథియం బ్యాటరీకి 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ ఎక్కించడం మంచిది కాదు, కాబట్టి పవర్ బ్యాంకు తగిలించి డిక్కీలో పడేసే అలవాటు రెండేళ్ళు రావాల్సిన బ్యాటరీని ఏడాదికే ఉబ్బిస్తే అందులో వింతేమీ లేదు. వెనక మూత తీసి బ్యాటరీ మార్చుకోగలిగే ఫోన్లు మామూలు మార్కెట్లో దాదాపు మాయమయ్యాయి, ఫీల్డు పనికి తయారుచేసే కొన్ని మోడల్స్‌లో మాత్రం ఇంకా ఉన్నాయి. రోజంతా బయట తిరిగేవాళ్ళకి ఈ ఒక్క సౌకర్యం కెమెరా మెగాపిక్సెల్స్ అన్నింటికంటే ఎక్కువ విలువ చేస్తుంది.

స్క్రీన్ వెలుతురుని నిట్స్‌లో కొలుస్తారు. చవక ఎల్‌సీడీ ఫోన్లు చాలా వరకు 400, 500 నిట్స్ దగ్గర ఆగిపోతాయి, నడి ఎండలో చదవాలంటే వెయ్యి దాకా ఉంటే తప్ప సుఖం లేదు. ఈ అంకెలన్నీ గుర్తుపెట్టుకునే ఓపిక లేకపోతే ఇంకో దారి ఉంది. కొనేముందు షాపువాణ్ణి అడిగి డెమో ఫోన్‌ని మధ్యాహ్నం ఒంటిగంటకి రోడ్డు మీదికి తెచ్చి అందులో నాలుగు లైన్లు చదివి చూడాలి. ఏసీ షోరూంలో దేదీప్యమానంగా వెలిగే ఫోన్ బీసెంట్ రోడ్డు ఎండలో నల్లటి అద్దంలా మొహం చూపిస్తే, ఆ ఫోన్‌తో టెక్నీషియన్ ఏం చేస్తాడో వేరే చెప్పక్కర్లేదు: సాయంత్రం నీడపట్టున కూర్చుని నింపుతాడు.

గట్టిదనం గురించి కంపెనీలు చెప్పే మాటల్లో అర్ధసత్యాలే ఎక్కువ. ఐపీ 67 అంటే దుమ్ము చొరబడదు, మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది అని. ఐపీ 68లో లోతు, సమయం కంపెనీ చెప్పుకున్నంత. ఈ పరీక్ష చేసేది కదలని మంచినీళ్ళలో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలన్నీ మునిగినప్పుడు టెక్నీషియన్లు దిగాల్సి వచ్చింది బురదా మురుగూ కలిసిన నీళ్ళలోకి, అక్కడ మంచినీళ్ళ పరీక్ష పెద్దగా పనికిరాదు. పైగా ఐపీ రేటింగ్ ఉన్న ఫోన్‌కి కూడా నీళ్ళ వల్ల పాడైతే వారంటీ వర్తించదని చాలా కంపెనీలు చిన్న అక్షరాల్లో రాసుకుంటాయి. మిల్-ఎస్‌టీడీ-810హెచ్ అని ఇంకోటి ఉంది, వినగానే అమెరికా సైన్యం ముద్ర వేసి ఇచ్చినట్టు ఉంటుంది గానీ ఎవరూ ముద్ర వేయరు. అదొక పరీక్షల చిట్టా, అందులో ఏవి చేయించాలో కంపెనీయే ఎంచుకుంటుంది. కాబట్టి ఎంత ఎత్తునుంచి పడేశారు, దేని మీద పడేశారు అని వెతికి చూడాలి, పేరు చూసి డబ్బు కట్టకూడదు.

మరి దెబ్బలకి తట్టుకునేలా చేసిన రగ్గడ్ ఫోన్ కొనాలా, మామూలు ఫోన్‌కి మందపాటి పౌచ్ వేయాలా? సామ్‌సంగ్ ఎక్స్‌కవర్ 7 లాంటిది, బ్యాటరీ మార్చుకోగలిగేది, 2024లో మన దేశానికి వచ్చినప్పుడు 27 వేల పైచిలుకు ధర పలికింది. గిడ్డంగుల్లో వాడే జీబ్రా, హనీవెల్ రకాలు ఇంకా పైన. పన్నెండు, పదిహేను వేల ఫోన్‌తో పోలిస్తే రెట్టింపు. లెక్క మాత్రం ఫోన్ ధర మీద కాదు, ఏడాదికి ఎంత పడింది అన్నదాని మీద వేయాలి. పదిహేను వేల ఫోన్ ఏడాదిన్నర నడిస్తే ఏడాదికి పది వేలు, ఇరవై ఏడు వేలది నాలుగేళ్ళు నడిస్తే ఏడు వేల లోపే. నాలుగేళ్ళు నడుస్తుందా అన్నదే అసలు అనుమానం, ఎందుకంటే గ్లాస్ పగలకపోయినా ఆండ్రాయిడ్ అప్‌డేట్లు ఆగిపోతే యాప్ మొరాయిస్తుంది, కాబట్టి సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్ళు ఇస్తారో అడగకుండా రగ్గడ్ ఫోన్ కొనడం తెలివితక్కువ. జీఎస్టీ 18 శాతం రెండింటికీ ఒకటే, రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకి అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది.

అందరికీ ఒకే ఫోన్ కొనాలన్న పట్టుదల కూడా అనవసరం. అపార్ట్‌మెంట్లలో ఏసీ, లిఫ్టు సర్వీసులు చేసేవాళ్ళకి మంచి పౌచ్, టెంపర్డ్ గ్లాస్ వేసిన మామూలు ఫోన్ చాలు. టవర్లు ఎక్కేవాళ్ళు, కోల్డ్ స్టోరేజీ ప్లాంటు రూముల్లో ఉండేవాళ్ళు, డీజిల్ జనరేటర్ల మీద పనిచేసేవాళ్ళు వేరు. వాళ్ళకి గట్టి ఫోన్ ఇచ్చి, మిగిలిన డబ్బుతో యాప్ ఎక్కించి సిద్ధంగా ఉంచిన ఒకటి రెండు స్పేర్ ఫోన్లు ఆఫీసులో పెట్టుకోవడం మేలు. డిస్‌ప్లే పోయిన రోజున రిపేరుకి పట్టే మూడు నాలుగు రోజులే అసలు నష్టం. ఆ రోజుల్లో పాత అలవాటు తిరిగొస్తుంది, ఒకసారి తిరిగొచ్చిన అలవాటు పోదు.

చేతుల సంగతి మీటింగుల్లో ఎవరికీ గుర్తురాదు. గ్రీజు చేతికి, తడి చేతికి టచ్ స్క్రీన్ సరిగ్గా పలకదు. గ్లోవ్ మోడ్ ఉన్న ఫోన్లలో కూడా పల్చటి గ్లోవ్స్‌కే పనిచేస్తుంది. పక్కన ఒక నొక్కుడు బటన్ ఉండి, దాన్ని నొక్కితే నేరుగా జాబ్ కార్డు (ఆ పని వివరాలు రాసే ఫారం) తెరుచుకునేలా పెట్టగలిగితే సగం బాధ తీరుతుంది. లైన్‌మెన్ విషయం మాత్రం పూర్తిగా వేరు: స్తంభం మీద ఉన్న మనిషి ఫోన్ ముట్టుకోకూడదు, అంతే. ఎక్కకముందు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైన్లో కరెంటు ఆపామన్న అనుమతి) తీసుకున్నట్టు, దిగాక ఎల్‌సీ వదిలినట్టు నమోదు కావాలి, మధ్యలో ఏ నోటిఫికేషనూ మోగకూడదు. నోటిమాట మీద ఎల్‌సీ ఇచ్చిపుచ్చుకునే చోట ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్) పేరు తారుమారైతే ప్రాణం పోతుంది, కాబట్టి ఫీడర్ పేరు, సమయం, ఇచ్చినవారి పేరు ఫోన్‌లో పడటం వల్ల మేలు ఉంది. కానీ ఎల్‌సీ ఉన్న లైన్లోకి ఎవరి ఇంటి జనరేటర్ నుంచో, ఇన్వర్టర్ నుంచో వెనక్కి కరెంటు రావచ్చు, అది ఏ యాప్‌లోనూ కనపడదు. లైన్‌ని భూమికి కలిపే ఎర్త్ రాడ్ తగిలించకుండా యాప్‌లో పచ్చ గుర్తు చూసి చెయ్యి పెట్టే అలవాటు చేస్తే ఆ యాప్ లేకపోవడమే మంచిది.

అమ్మోనియా ప్లాంట్ల వాళ్ళని కొందరు అమ్మకందారులు గ్యాస్‌కి నిప్పు అంటించని ప్రత్యేక ఫోన్లు కొనమని భయపెడతారు. అమ్మోనియా గాలిలో సుమారు 15 నుంచి 28 శాతం చేరితేనే అంటుకుంటుంది. దానికి ఎంతో ముందే, 300 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 300 పాళ్ళు) దగ్గరే, మనిషి ప్రాణానికి ప్రమాదం. అంటే ముందు కొనాల్సింది గ్యాస్ డిటెక్టర్, ఫోన్ కాదు. పెట్రోలు, ఎల్‌పీజీ ఉండే చోట్ల మాత్రం అలా సర్టిఫికెట్ ఉన్న ఫోన్ తప్పదు, అక్కడ బేరాలు లేవు.

సిగ్నల్ విషయంలో ఆఫీసు వాళ్ళకి ఒక భ్రమ ఉంటుంది, 5జీ వచ్చింది కదా ఇంకా ఇబ్బందేంటి అని. పటమట వైపు అపార్ట్‌మెంట్ సెల్లార్లో లిఫ్టు పిట్‌లోకి దిగిన మనిషినో, మందపాటి ఇన్సులేషన్ గోడల మధ్య చాంబర్లో ఉన్న మనిషినో అడిగితే చెబుతారు. గోడలు దాటి లోపలికి రావడంలో 700 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీకి ఉన్న శక్తి, స్పీడు ఇచ్చే 3300 మెగాహెర్ట్జ్‌కి లేదు. రెండు వేర్వేరు నెట్‌వర్కుల సిమ్‌లు వేస్తే కొంత సాయం, కానీ అసలు మందు నెట్ లేకున్నా నడిచే యాప్. అమ్మేవాడు తమది ఆఫ్‌లైన్‌లోనూ పనిచేస్తుందనే చెబుతాడు, ఎవడూ కాదనడు. వాడి ముందే ఫ్లైట్ మోడ్ పెట్టి, ఒక జాబ్ తెరిచి, మూడు ఫొటోలు తీసి, సంతకం పెట్టించి, యాప్‌ని పూర్తిగా మూసేసి, ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసి చూడాలి. రాసినదంతా అలాగే ఉంటే అప్పుడు ధర మాట్లాడుకోవచ్చు. ఒక్కసారి పావుగంట కష్టపడి నింపినది ఎగిరిపోయిందా, ఆ టెక్నీషియన్ ఇక జన్మలో సెల్లార్లో ఫోన్ తీయడు.

నిజానికి ఏ యాప్‌కైనా పోటీ ఇంకో యాప్ కంపెనీతో కాదు, వాట్సాప్ గ్రూపుతో. బెజవాడలో, గుంటూరులో చిన్న సర్వీస్ సంస్థలు చాలా వరకు ఇప్పటికే దాని మీదే నడుస్తున్నాయి. ఫొటో తీసి పెడతారు, "సార్, బేరింగ్ పోయింది, రేపు మారుస్తా" అని ఒక వాయిస్ మెసేజ్, అయిపోయింది. లాగిన్ లేదు, పాస్‌వర్డ్ లేదు, నెట్ లేకపోతే గడియారం గుర్తు వేసుకుని దానంతటదే తర్వాత వెళ్తుంది. ఇంతకంటే తేలిక ఇంకేముంది? ఇబ్బందల్లా తర్వాత వస్తుంది. అదే మోటారుకి పోయినేడు ఏం చేశారో వెతకాలంటే వందల గుడ్ మార్నింగ్‌ల మధ్య తవ్వుకోవాలి, మామూలుగా పంపిన ఫొటోలో తీసిన చోటు, సమయం చెరిగిపోతాయి, మనిషి ఉద్యోగం మానేస్తే అతని ఫోన్‌లో ఉన్న చరిత్ర అతనితో పోతుంది. కాబట్టి కొత్త యాప్ వాట్సాప్ అంత తేలిగ్గా ఉండి ఈ లోటు తీర్చాలి. ఇరవై గళ్ల ఫారం పెట్టి, అన్నీ తప్పనిసరి అని ఎర్ర చుక్కలు పెడితే మనుషులు చుక్కలు పోవడానికి ఏదో ఒకటి రాస్తారు. ప్రతి గడికీ ఒక ప్రశ్న వేసుకోవాలి: పోయిన నెలలో ఈ అంకెని ఎవరైనా చూసి ఏదైనా నిర్ణయం తీసుకున్నారా? లేదంటే తీసేయడమే. తెలుగులో ఉండాలి, అదీ పనివాళ్ళ నోట్లో ఉన్న మాటల్లో, "గ్యాస్ తక్కువ", "బెల్టు లూజు", "వోల్టేజ్ డ్రాప్" అని నొక్కి ఎంచుకునేలా. తెలుగులో మాట్లాడి రాయించే సౌకర్యం ఇంట్లో బాగానే పనిచేస్తుంది, కంప్రెసర్ హోరులో మాత్రం దానికి ఏమీ వినపడదు, అక్కడ ఫొటోనే దిక్కు.

మెషిన్ దగ్గరే ఎంట్రీ పడాలని కొందరు క్యూఆర్ కోడ్ అంటిస్తారు. మంచి పద్ధతే, ఎక్కువ రక్షణ ఉన్న రకం కోడ్ ముద్రిస్తే 30 శాతం దాకా చెరిగిపోయినా చదవగలదు, ఆయిల్ మరకలకి భయపడక్కర్లేదు. అయితే తెలివైన టెక్నీషియన్ మొదటి వారంలోనే ఆ కోడ్‌ల ఫొటోలు తీసి పెట్టుకుంటాడు, తర్వాత కూర్చున్న చోటే స్కాన్ చేస్తాడు. ఫోన్ దగ్గరికి ఆనిస్తేనే చదవగలిగే చిన్న చిప్, ఎన్‌ఎఫ్‌సీ ట్యాగ్‌తో ఈ ఆట సాగదు గానీ ఇనుప బాడీ మీద మామూలు ట్యాగ్ పనిచేయదు, లోహం మీద అంటించడానికి వేరే రకం కొనాలి, ఫోన్‌లోనూ ఎన్‌ఎఫ్‌సీ ఉండాలి. అసలు మనుషులు ఇంత తంటాలు పడి తప్పించుకుంటున్నారంటే తాళం పెంచడం కంటే ఫారం తగ్గించడమే ముందు చేయాల్సిన పని.

సొంత ఫోన్‌లోనే యాప్ వేసుకోమనడం యజమానికి చవక, టెక్నీషియన్‌కి కాదు. ఈఎంఐలో కొన్న ఫోన్, 28 రోజులకోసారి తన డబ్బుతో చేసుకునే రీఛార్జ్, అందులో ఆఫీసు ఫొటోలు ఎక్కించాలి, ఆపైన లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లకి ముఖం చూపించే హాజరు యాప్ పెట్టినప్పుడు వచ్చిన పెద్ద అభ్యంతరం ఇదే, సొంత ఫోన్, సొంత డేటా మేమెందుకు ఇవ్వాలి అని. చదువుకున్న, సంఘాలున్న టీచర్లు అడగగలిగారు. నలుగురు పనిచేసే ఏసీ సర్వీస్ షాపులో కుర్రాడు అడగడు, యాప్‌ని మాత్రం నీరుగారుస్తాడు. ఆండ్రాయిడ్‌లో 2014 నుంచి వర్క్ ప్రొఫైల్ అనేది ఉంది, ఆఫీసు యాప్‌లు ఒక వైపు, సొంతవి ఒక వైపు, ఉద్యోగం మానేస్తే ఆఫీసు వైపు మాత్రమే చెరిపేయవచ్చు, సొంత ఫొటోలు ఆఫీసుకి కనపడవు. దాన్ని వాడుకోవాలి, నెల రీఛార్జ్ ఆఫీసే కట్టాలి, డ్యూటీ టైము దాటాక లొకేషన్ ఆగిపోవాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తర్వాత ఎవరి లొకేషన్ ఎందుకు తీసుకుంటున్నారో చెప్పగలగడం మర్యాద ఒక్కటే కాదు, బాధ్యత కూడా.

లొకేషన్ గురించి ఇంకో గొడవ ఉంది. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే షామీ, వివో, ఒప్పో, రియల్‌మీ లాంటి ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి వెనక నడిచే యాప్‌లని ఆపేస్తుంటాయి. మధ్యాహ్నం రెండు గంటలపాటు మ్యాప్‌లో మనిషి మాయం. సూపర్‌వైజర్‌కి అనుమానం, టెక్నీషియన్‌కి అవమానం, ఇద్దరికీ టెన్షన్. బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి ఆంక్షలు తీసేసి, ఆటోస్టార్ట్ ఆన్ చేస్తే చాలా వరకు సర్దుకుంటుంది, పెద్ద అప్‌డేట్ వచ్చాక మళ్ళీ చూసుకోవాలి. సెల్లార్లో జీపీఎస్ పక్క వీధి చూపించడం కూడా మామూలే. ఈ రెండూ తెలియకుండా లొకేషన్ చూసి జీతం కోసేవాళ్ళున్నారు, అది అన్యాయం.

కొనేముందు పరీక్షకి కుర్రాళ్ళని పెట్టడం ఇంకో పొరపాటు, వాళ్ళు ఏ ఫోన్ ఇచ్చినా వాడేస్తారు. అందరిలోకీ పెద్దాయన్ని ఒకర్ని, అన్నింటికీ విసుక్కునేవాణ్ణి ఒకర్ని ఎంచుకుని రెండు మూడు వారాలు ఇచ్చి చూడాలి, వీలైతే మే నెలలోనో, జోరు వానల్లోనో. వాళ్ళని బాగుందా అని అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు. అడగకుండా, పని ముగిసిన సమయానికీ ఎంట్రీ పడిన సమయానికీ మధ్య ఎంత తేడా ఉందో చూడాలి, యాప్ ఈ రెండు సమయాలనీ విడివిడిగా దాచేదై ఉండాలి. తేడా పది నిమిషాల్లో ఉంటే కొనొచ్చు. గంటల్లో ఉంటే ఏది అడ్డుపడిందో వాళ్ళతో పాటు ఒక రోజు బండెక్కి తిరిగి తెలుసుకోవాలి.

ఖాయం చేసుకున్నాక కూడా చిన్న పనులు కొన్ని మిగులుతాయి. సర్వీస్ సెంటర్ ఊళ్ళో ఉందా, హైదరాబాద్ పంపాలా అన్నది బిల్లు కట్టకముందే కనుక్కోవాలి. ప్రతి ఫోన్ ఐఎంఈఐ నంబరు, ఎవరి చేతిలో ఉందో ఒక చోట రాసిపెట్టుకోవాలి, ఫోన్ పోతే కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్లో బ్లాక్ చేయించడానికి ఆ నంబరుతో పాటు పోలీసు ఫిర్యాదు కాపీ అడుగుతారు. బుడమేరు వరదప్పుడు కొన్ని కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు ఛార్జ్ చేసుకునే దారి లేక జనం అల్లాడారు. అలాంటి రోజు కోసం కార్బన్ పేపరు పెట్టిన ఒక జాబ్ కార్డు పుస్తకం ప్రతి బండి డిక్కీలో ఉంచాలి, పరిస్థితి కుదుటపడ్డాక ఆ కాగితాలు చూసి యాప్‌లో ఎక్కించే పని టెక్నీషియన్ల నెత్తిన కాకుండా ఆఫీసులో ఒకరికి అప్పగించాలి.